పెళ్లి డీవీడీ సరిగ్గా తాళి దగ్గర ఆగిపోతోంది: తప్పు డిస్క్‌దా, టీవీదా?

తిరుచానూరు_అల్లుడు
మా పెళ్లి 2007లో. మొన్న బీరువా సర్దుతుంటే పట్టుచీరల అడుగున డీవీడీ కవరు దొరికింది. మా పాప ఇంటర్ సెకండియర్, ఇప్పుడే చూడాలని కూర్చుంది. మా ప్లేయర్‌ని ఎప్పుడో పాతసామాన్ల వాడికి వేసేశాం. కొర్లగుంటలో మా బావమరిది ఇంటి అటక మీద ఒకటుంటే తెచ్చి, పోయిన దీపావళికి కొన్న 55 అంగుళాల 4కే టీవీకి తగిలించా.

ముందు రిసెప్షన్. మొహాలన్నీ మైదాపిండి ముద్దలు. మా ఆవిడ ఎవరో, వాళ్ల చెల్లెలు ఎవరో చీర రంగుని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది. ఎవరైనా చెయ్యి కదిపితే అంచుల్లో దువ్వెన పళ్లలాగా గీతలు. పాతది కదా అని సరిపెట్టుకున్నాం. ముహూర్తం దగ్గరికి వచ్చేసరికి బొమ్మ గడులు గడులుగా విరగడం మొదలైంది. పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు, నేను తాళి పట్టుకుని లేచాను, అంతే. ఆగిపోయింది. మూడుసార్లు వేశాం, మూడుసార్లూ అక్కడే.

"దీని లెక్క ప్రకారం మనకింకా పెళ్లి కాలేదు" అని మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

టౌన్లో ఒక షాపులో అడిగితే బ్లూరే అని ఇంకోరకం డిస్కులోకి మార్చిస్తాం, క్వాలిటీ హెచ్‌డీ అయిపోతుంది, జీవితాంతం ఉంటుంది, 2500 ఇవ్వండి అన్నాడు. నమ్మొచ్చా?

పుత్తూరు_కట్టు
నేరుగా పుత్తూరు తీసుకురా అన్నా. గుడ్డు సొన రాసి కట్టు కడతారు, మూడు వారాల్లో డిస్క్ అతుక్కుంటుంది.

రెండో_ఆట
తాళి దగ్గర ఆగిందంటే దేవుడు ఇంకో అవకాశం ఇచ్చినట్టే. ఆలోచించుకో.

హోంథియేటర్_పిచ్చోడు
జోకులు ఆపండయ్యా, ఆయన టెన్షన్‌లో ఉన్నాడు.

ఇక్కడ రెండు జబ్బులున్నాయి, కలిపేయకండి. మొహాలు ముద్దలుగా రావడం ఒకటి, ఆగిపోవడం ఇంకొకటి.

మొదటిది. మన దేశపు డీవీడీలో బొమ్మ 720 చుక్కలు అడ్డం, 576 నిలువు. మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. నీ 4కే టీవీలో 83 లక్షలు. అంటే ఒక్కో చుక్కని టీవీ ఇరవై చుక్కలుగా సాగదీస్తోంది. ఒక చపాతీ ముద్దతో ఇరవై చపాతీలు వత్తితే ఎలా ఉంటాయి? అట్లా ఉంటుంది. ఆ దువ్వెన గీతలు డిస్క్ తప్పు కాదు. అప్పట్లో కెమెరా సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి తీసేది. పాత డబ్బా టీవీ కూడా అట్లాగే గీసేది కాబట్టి కంటికి తెలిసేది కాదు. కొత్త టీవీ రెండింటినీ కలిపి ఒకేసారి చూపిస్తుంది, మధ్యలో చెయ్యి కదిలిపోయి ఉంటుంది.

ఇంతకీ ఏ వైరుతో కలిపావు? పసుపు, ఎరుపు, తెలుపు మూడు పిన్నులదా?

తిరుచానూరు_అల్లుడు
అవును, అదే. వెనక వేరే రంధ్రం ఉంది గానీ వైరు లేదు.

హోంథియేటర్_పిచ్చోడు
ఆ పసుపు పిన్నులో వెలుగూ రంగూ ఒకే వైరులో కలిసిపోయి వస్తాయి. ఉన్న కాస్త క్వాలిటీ అక్కడే సగం పోయింది. ప్లేయర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే అది వాడు, మొహాలు కొంచెం మొహాల్లాగా వస్తాయి. హెచ్‌డీ అయితే కాదు. షాపువాడు చెప్పింది అబద్ధం. బ్లూరేలో పోసినంత మాత్రాన లేని చుక్కలు పుట్టవు. లోటాలో పాలు బిందెలో పోస్తే బిందెడు పాలు అవుతాయా?

చిత్తూరు_స్టూడియో
ఈ మాట నేను చెప్తే మా వాళ్లు తిడతారు, కానీ చెప్తాను. నేను వీహెచ్‌ఎస్ క్యాసెట్ల కాలం నుంచి పెళ్లి వీడియోలు తీస్తున్నా.

2007లో మేం వాడింది మినీ డీవీ క్యాసెట్లు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి. అందులో గంట వీడియో అంటే సుమారు 13 జీబీ. మంచి క్వాలిటీనే అన్నా, ఇప్పుడు చూసినా బాగుంటుంది. మన దగ్గర ముందురోజు రాత్రి రిసెప్షన్, తెల్లారి ముహూర్తం. నలుగు దగ్గర్నుంచి అప్పగింతల దాకా మిక్సింగ్ చేస్తే మూడున్నర గంటలు తేలేది. డీవీడీలో పట్టేది 4.7 జీబీ. రెండు గంటలైతే హాయిగా పడుతుంది. మూడున్నర గంటలు పెట్టాలంటే పిండాలి. రెండు డిస్కులు ఇస్తామంటే పెళ్లివాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. "ఒకే దాంట్లో వేసి ఇవ్వండి, మధ్యలో లేచి మార్చడం ఎవరివల్ల అవుతుంది?" అనేవాళ్లు. సరేనని కుక్కేవాళ్లం. డాన్సులు, పూలు చల్లడం, హోమం పొగ, ఇలా బొమ్మలో కదలిక ఎక్కువ ఉన్న చోటల్లా గడులు కనిపించేది అందుకే.

ఇంకోటి. ఖాళీ డిస్కులు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి యాభై డిస్కుల డబ్బాలు తెచ్చేవాళ్లం. మంచి కంపెనీవి ఉండేవి, పేరూ ఊరూ లేనివి ఉండేవి. పెళ్లికి పది కాపీలు అడిగి రేటు తగ్గించమంటే ఏవి వాడతాం? వాటి మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఫోటోతో గుండ్రటి స్టిక్కర్ అతికించేవాళ్లం. అది చూసి జనం మురిసిపోయేవాళ్లు. ఆ స్టిక్కర్ అడ్డదిడ్డంగా పడితే డిస్క్ బరువు ఒక పక్కకి పోయి ఊగుతుంది. ఎండకి స్టిక్కర్ ముడుచుకుంటే డిస్క్ కూడా వంగుతుంది.

మీ డిస్క్ మీద స్టిక్కర్ ఉందా?

తిరుచానూరు_అల్లుడు
ఉంది. మేమిద్దరం గుండె ఆకారంలో. వెనక పసుపు తామరపూలు. ఒక పక్క బుడగ లేచింది. పీకేయమంటారా?

చిత్తూరు_స్టూడియో
పీకొద్దు!

ఈసీఈ_మాస్టారు
పీకొద్దు. రెండోసారి చెప్తున్నా.

ఎందుకో చెప్తా. సీడీలో డేటా ఉండే పొర సరిగ్గా పైన బొమ్మ కింద ఉంటుంది, అందుకే పైభాగం గీరుకుంటే సీడీ చచ్చినట్టే. మనవాళ్లు మాత్రం కింది వైపుని పాపాయిలా చూసుకుని పైవైపుని నేలకేసి పెట్టేవాళ్లు. డీవీడీ అలా కాదు, 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్లలు రెండు అతికిస్తారు, డేటా వాటి నడుమ ఉంటుంది. స్టిక్కర్ పీకితే ఆ అతుకు ఊడే ప్రమాదం. బ్లూరేలో చదివే వైపు నుంచి 0.1 మిల్లీమీటర్ లోపలే డేటా, అందుకే దాని మీద గట్టి పూత వేస్తారు.

కొన్న సినిమా డిస్కు, ఇంట్లో రాసుకున్న డిస్కు ఒకటి కాదు. ఫ్యాక్టరీలో సినిమా డిస్కులకి అచ్చు గుద్దుతారు, గుంతలు ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. మన డీవీడీ రైటర్‌లో రాసింది రంగు పూత మీద లేజర్ వేసిన మచ్చలు. ఆ రంగు సేంద్రియ పదార్థం. వెలుతురుకి, వేడికి, తేమకి పాలిపోతుంది. మే నెలలో మేడమీద గదిలో ఇనుప బీరువా అంటే తెలుసుగా.

ఇంకో సంగతి. ఈ డిస్కులు లోపల్నుంచి బయటికి రాసుకుంటూ వస్తాయి. నిండా కుక్కిన డిస్కులో చివరి భాగం అంచుదాకా వస్తుంది. చేతి వేళ్లు తగిలేది, తేమ ముందు చేరేది, వంపు ఎక్కువ తెలిసేది అంచులోనే. ముందు రాత్రి రిసెప్షన్ లోపల భద్రంగా ఉంది, తెల్లారి ముహూర్తం బయటికి పోయింది. మీ తాళి అంచున పడిందన్నమాట.

పుత్తూరు_కట్టు
"తాళి అంచున పడింది." మాస్టారూ, ఇది క్లాసులో చెప్పి ఉంటే నేను సప్లీ రాసేవాణ్నే కాదు.

మామిడితోట
మాది బంగారుపాళెం దగ్గర. తోటలో కాయ పక్వానికి వచ్చేముందు రామచిలుకలు మందలు మందలుగా దిగుతాయి. డప్పు కొట్టాం, టపాకాయలు కాల్చాం. చివరికి మా నాయన ఇంట్లో ఉన్న సీడీలు, డీవీడీలు అన్నీ నైలాన్ దారానికి కట్టి కొమ్మలకి వేలాడదీశాడు. గాలికి తిరిగి మెరుస్తుంటే నాలుగు రోజులు చిలుకలు రాలేదు. ఐదో రోజు నుంచి వాటి పక్కనే కూర్చుని తిన్నాయి.

ఒకరోజు తోటలో నడుస్తుంటే తల మీద మెరుస్తా ఏదో తిరుగుతోంది. చూస్తే స్టిక్కర్ మీద మా అన్నా వదినా. మా నాయన వాళ్ల పెళ్లి డిస్కు కూడా కట్టేశాడు. రెండు వానాకాలాలు చూసింది అది. మొహాలు కడుక్కుపోయి, వదిన ముక్కుపుడక దగ్గర మాత్రం రంగు మిగిలింది. తీసి ఎండలోకి పట్టుకుంటే అంచుల నుంచి వెండి పూత పొరలుగా లేచి అవతలి ఆకులు కనిపిస్తున్నాయి.

వదినకి ఇప్పటికీ చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నా, ఆమె ఈ పేజీ చదవదు.

రెండో_ఆట
చదివితే మీ ఇంట్లో రెండో ఆట మొదలవుతుంది.

నా కథ కూడా వినండి. లీలామహల్ దగ్గర నాకు డిస్కుల అద్దె షాపు ఉండేది. రెండొందలు అడ్వాన్స్, రోజుకి పది రూపాయలు. వీసీడీ కాలంలో సినిమాకి రెండు డిస్కులు, పొడుగు సినిమా అయితే మూడు. ఇంటర్వెల్ దగ్గర కాకుండా పాట మధ్యలో మొదటిది అయిపోయేది. ఆ రెండో డిస్క్ కోసం జనం కొట్టుకునేవాళ్లు. మొదటిది చూసినవాడు పొద్దున్నే షాపు తెరవకముందే వచ్చి షట్టర్ ముందు నిలబడేవాడు.

నా దగ్గరికి వచ్చే రిపేర్లలో ఎక్కువ గీతలు కావు. మధ్య రంధ్రం చుట్టూ చీలికలు. కవర్లో ఆ మధ్య గుబ్బ ఉంటుందే, దాన్ని నొక్కి తీయకుండా ఒక అంచు పట్టి పైకి లాగుతారు. డిస్క్ విల్లులా వంగుతుంది. పదిసార్లు అలా చేస్తే మధ్యలో వెంట్రుకంత చీలిక. తర్వాత ప్లేయర్‌లో స్పీడుగా తిరిగేటప్పుడు ఫట్.

టూత్‌పేస్ట్ రాస్తే గీతలు పోతాయని ఎవరో చెప్పారు. ఒకాయన లవంగం పేస్ట్ రాసి తిరిగిచ్చాడు. సినిమా ఆడలేదు, ప్లేయర్ మాత్రం నెల రోజులు ఘుమఘుమలాడింది.

గోవిందా_517
ఇంత గోల ఎందుకు? స్టూడియోవాడి దగ్గర అసలు క్యాసెట్ ఉంటుంది కదా, దాన్నుంచి మళ్లీ తీసుకుంటే సరి. పెన్‌డ్రైవ్‌లో వేసుకో. డిస్కుల కాలం ఎప్పుడో అయిపోయింది.

చిత్తూరు_స్టూడియో
గోవిందా, ఆ క్యాసెట్ మీద తర్వాతి పెళ్లి రికార్డ్ చేసేవాళ్లం. కొందరు దాచేవాళ్లు, మాలాంటి చిన్నవాళ్లు దాచలేదు. ఒక్కో క్యాసెట్ మూడు నాలుగు పెళ్లిళ్లు చూసేది. అల్లుడుగారి తాళి మీద ఇంకెవరి తాళో పడి ఉంటుంది. అయినా అడగండి, అడిగితే పోయేదేముంది.

హోంథియేటర్_పిచ్చోడు
గోవిందా, "డిస్కుల కాలం అయిపోయింది" అన్నావు చూడు, అక్కడ నాకు మంట. పెన్‌డ్రైవ్ అంత నమ్మకమా? ఐదారేళ్లు డ్రాయర్లో పడేసి తీయి, ఫార్మాట్ చేయమంటుంది. ఈ డిస్క్ 18 ఏళ్ల తర్వాత సగమైనా ఆడింది.

గోవిందా_517
సగమే ఆడింది, అదీ నా పాయింట్. క్లౌడ్‌లో వేస్తే ఏ బాధా లేదు.

హోంథియేటర్_పిచ్చోడు
నెలనెలా అద్దె కట్టు, పాస్‌వర్డ్ మర్చిపోకు, నీ తర్వాత నీ పిల్లలకి కూడా ఆ పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. ఏ బాధా లేదు మరి.

కాలేజీ_కుర్రోడు
నాకో సందేహం, తిట్టకండి. ఓటీటీలో 4కే వస్తోంది. బ్లూరేలో కూడా 4కే డిస్కులున్నాయి. మరి వేలు పోసి డిస్క్ కొనేవాళ్లు ఎందుకు కొంటారు? మా క్లాసులో ఒక్కడి ల్యాప్‌టాప్‌కి కూడా డ్రైవ్ లేదు.

డల్లాస్‌లో_పీలేరు
నేను కొనేవాణ్ని కాబట్టి చెప్తా తమ్ముడూ.

4కే అంటే చుక్కల లెక్క మాత్రమే. ఆ చుక్కల్ని ఎంత డేటాతో నింపారు అన్నది అసలు సంగతి. 4కే స్ట్రీమింగ్ సెకనుకి 15 మెగాబిట్లు అనుకో, రెండున్నర గంటల సినిమా 17 జీబీలో అయిపోతుంది. అదే సినిమా 4కే డిస్క్ 66 జీబీది గానీ 100 జీబీది గానీ ఉంటుంది. చీకటి సీన్‌లో గోడ మీద నీడ చూడు. స్ట్రీమింగ్‌లో మెట్లు మెట్లుగా పట్టీలు పడతాయి, డిస్కులో నీడ నీడలాగా దిగుతుంది. సౌండ్ అయితే చెప్పనక్కర్లేదు. మామూలు బ్లూరే 2006 నాటిది, 25 లేదా 50 జీబీ. మంచి బ్లూరే ముందు చౌక 4కే స్ట్రీమింగ్ వెలవెలబోవడం నా కళ్లతో చూశా.

రెండోది, కొన్నది నా దగ్గర ఉంటుంది. మా పిల్లలకి చూపిద్దామని ఒక పాత తెలుగు సినిమా ఓటీటీలో లిస్టులో పెట్టుకున్నా. ఆదివారం కూర్చుని చూస్తే లేదు, హక్కులు అయిపోయాయట. డబ్బు కట్టింది ప్రతి నెలా నేనే.

అయితే తెలుగు డిస్కుల గురించి నన్ను అడక్కండి, కడుపు మండుతుంది. ఇక్కడ ఇండియన్ స్టోర్లో తెలుగు డీవీడీలు కొన్నవాణ్ని. సినిమా పొడుగునా మూలన కంపెనీ గుర్తు, పాట మొదలయ్యేముందు నగల షాపు ప్రకటన. కొన్ని డిస్కుల్లో నటుడి తల నుదురు దగ్గర కోసేశారు, అసలు ఫ్రేమ్ ఎంతో ఎవరికీ పట్టలేదు. ఒకే డీవీడీలో మూడు సినిమాలు పెట్టి అదొక ఘనకార్యంలా కవర్ మీద వేసేవాళ్లు.

రెండో_ఆట
త్రీ ఇన్ వన్! నా షాపులో అవే ఎక్కువ పోయేవి పీలేరు. నువ్వు క్వాలిటీ అంటావు, మా కస్టమర్ "అన్నా, ఇరవై రూపాయలకి ఎన్ని సినిమాలు?" అనేవాడు. థియేటర్ ప్రింట్‌లో ముందు వరుసవాడు లేచి బాత్రూంకి పోతుంటే హీరో మొహం మీద నీడ నడిచిపోయేది. దానికీ ఈలలు వేశారు జనం.

2007 ప్రాంతంలో డిస్కులు చేసే మోజర్ బేర్ కంపెనీ వాళ్లు ఒరిజినల్ వీసీడీ 28, డీవీడీ 34 రూపాయలకి దించారు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది, ఇంక అద్దెకి ఎవరు తీసుకుంటారని. పదేళ్లు తిరిగేసరికి నా షాపు పోయింది, 2018లో ఆ కంపెనీ కూడా లిక్విడేషన్‌లోకి పోయింది. మమ్మల్ని చంపింది 28 రూపాయల డిస్క్ కాదు, చౌక డేటా.

కాలేజీ_కుర్రోడు
అంటే డిస్కులు నిజంగా చచ్చినట్టేనా కాదా? ఒక్క మాటలో చెప్పండి.

ఈసీఈ_మాస్టారు
ఒక్క మాటలో చెప్పే అలవాటు మాస్టార్లకి ఉండదు నాయనా.

సీడీకి 780 నానోమీటర్ల పరారుణ లేజర్. డీవీడీకి 650, ఎరుపు. బ్లూరేకి 405, నీలం ఊదా. వెలుగు తరంగం ఎంత పొట్టిదైతే అంత సన్నగా రాయొచ్చు. బలపంతో రాసినవాడికి పెన్ను ఇచ్చినట్టు, తర్వాత సూది ఇచ్చినట్టు. సీడీలో గీతకీ గీతకీ దూరం 1.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు), బ్లూరేలో 0.32. అక్కణ్నుంచి ఇంకా పొట్టి తరంగానికి పోదామంటే అతినీలలోహితం వస్తుంది, దాన్ని ప్లాస్టిక్కే మింగేస్తుంది. అందుకే పొరలు పెంచుతున్నారు. 4కే డిస్కులో 100 జీబీ అంటే మూడు పొరలు.

చైనాలో షాంఘై శాస్త్రవేత్తలు 2024లో డీవీడీ సైజు డిస్కులో వంద పొరలు వేసి 1.6 పెటాబిట్లు, అంటే 200 టీబీ దాకా పట్టేలా పద్ధతి చూపించారు. మైక్రోసాఫ్ట్ వాళ్లు గాజు పలకల్లో రాసి చూపించారు. అవి మన హాల్లో టీవీ కింద పెట్టుకునేవి కావు, పెద్ద గిడ్డంగుల్లో పాత డేటా దాచడానికి. సినిమా చూసే డిస్కు వేరు, దాచుకునే డిస్కు వేరు. మొదటిది పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు అట్టబైండు పుస్తకం కొన్నట్టు కొనే వస్తువుగా మిగులుతుంది. రెండోది ఇంకా బతకొచ్చు.

పుత్తూరు_కట్టు
200 టీబీ అంటే చిత్తూరు జిల్లా పెళ్లిళ్లన్నీ ఒకే డిస్కులో. దానికి స్టిక్కర్ మీద ఎవరి ఫోటో వేస్తారు?

డల్లాస్‌లో_పీలేరు
మాస్టారు చెప్పింది సగం ఒప్పుకుంటా. నా భయం డిస్క్ గురించి కాదు, ప్లేయర్ గురించి. ఒప్పో వాళ్లు 2018లో మానేశారు. సామ్‌సంగ్ 2019లో అమెరికాలో కొత్త మోడళ్లు ఆపింది. ఎల్‌జీ 2024 చివర్లో తప్పుకుంది. సోనీ, పానాసోనిక్ ఇంకా చేస్తున్నాయి. సోనీ 2025 ఫిబ్రవరితో ఖాళీ బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. నా అలమరలో 400 డిస్కులున్నాయి, ఆడించే యంత్రం ఒక్కటి. మొన్న ట్రే బయటికి రానని మొరాయిస్తే నాకు చెమటలు పట్టాయి.

హోంథియేటర్_పిచ్చోడు
ఇంకో ప్లేయర్ కొని అటక మీద పెట్టు. నేను పెట్టా. మా ఆవిడకి గ్రైండర్ అని చెప్పా.

గోవిందా_517
ఇది భక్తి కాదు, రోగం. మీరిద్దరూ కలిసి వాదిస్తే నేను ఒక్కణ్ని ఏం చేస్తా. కానీ ఒక మాట, ఆయన అడిగింది సినిమా గురించి కాదు, పెళ్లి వీడియో గురించి. దాన్ని మళ్లీ ఏ ఓటీటీ ఇవ్వదు. ఆయనకి ఏం చేయాలో చెప్పండి ముందు.

ఈసీఈ_మాస్టారు
గోవిందా చెప్పింది న్యాయం. అల్లుడుగారూ, ఇలా చేయండి.

ఇంక ఆ డిస్కుని ప్లేయర్‌లో వేయకండి. ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడవొద్దు, ఎందుకంటే డేటా గుండ్రంగా ఉంటుంది, గుండ్రటి గీత పడితే ఒకేచోట చాలా దూరం పోతుంది. అడ్డ గీత పడినా డిస్క్ సర్దుకోగలదు. స్టిక్కర్ తడపకండి.

తర్వాత కంప్యూటర్ డ్రైవ్‌లో వేయాలి. వీలైతే రెండు మూడు వేర్వేరు డ్రైవ్‌లు వెతకండి. ఒకటి చదవలేని చోట ఇంకొకటి చదువుతుంది, కారణం అడక్కండి, నేను చాలాసార్లు చూశా. మామూలుగా కాపీ పేస్ట్ చేయొద్దు, ఒక్క చోట తప్పు రాగానే అది చేతులెత్తేస్తుంది. డీడీరెస్క్యూ అని ఉచిత ప్రోగ్రాం ఉంది. అది ముందు బాగున్న భాగాలన్నీ లాగేసుకుంటుంది, చెడినచోట ఆగకుండా దాటేసి, ఆఖర్న మళ్లీ వెనక్కొచ్చి వాటి మీద పడుతుంది. వేరే డ్రైవ్‌లో వేసినా మొదట్నుంచి కాకుండా మిగిలినవే వెతుకుతుంది. రాత్రంతా వదిలేయండి.

వచ్చిన ఫైల్‌ని అలాగే దాచండి, దాన్ని కుదించొద్దు. ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఇంట్లో ఇంకో హార్డ్ డిస్కులో, కావాలంటే గోవిందా కోరిక తీరేలా క్లౌడ్‌లో. బ్లూరేలో రాసుకున్నా తప్పులేదు. మామూలు బ్లూరే ఖాళీ డిస్కుల్లో చాలావాటికి ఆ రంగు పూత ఉండదు, లోహపు పొర ఉంటుంది, ఎక్కువ కాలం నిలుస్తాయి. ఎం-డిస్క్ అని దాచుకోవడానికే చేసినవి కూడా ఉన్నాయి. కానీ అవి మాత్రమే నమ్ముకోవద్దు. 2500 అయితే అసలు ఇవ్వొద్దు.

కాలేజీ_కుర్రోడు
మా సీనియర్ రూంలో పాత డెస్క్‌టాప్ ఉంది, డీవీడీ రైటర్ కూడా ఉంది. మాది ఎస్వీ యూనివర్సిటీ పక్కనే. అంకుల్, కావాలంటే తీసుకురండి. లినక్స్ కూడా ఉంది దాంట్లో.

తిరుచానూరు_అల్లుడు
అంకుల్ అన్నావు, సరే. రేపు సాయంత్రం వస్తా. మెసేజ్ పెట్టు.

మామిడితోట
ఏమైందో చెప్పకుండా మాయమవ్వొద్దు అన్నా. ఇలాంటి పోస్టులన్నీ "థాంక్స్" అని ఆగిపోతాయి.

తిరుచానూరు_అల్లుడు
ఆరు రోజుల తర్వాత వస్తున్నా. చెప్తా.

స్టూడియో ఆయన చెప్పినట్టు ముందు మా పెళ్లి తీసినాయన దగ్గరికి వెళ్లా. ఇప్పుడాయన ఫ్లెక్సీలు వేస్తున్నారు. క్యాసెట్ లేదు. "మీ తర్వాత చంద్రగిరి పెళ్లి పడి ఉంటుంది దాని మీద" అన్నారు, టీ ఇప్పించారు.

తర్వాత డిస్కుని లిక్విడ్‌తో తుడిచా. గుడ్డ మీద పసుపు మరక వచ్చింది. పద్దెనిమిదేళ్ల నాటి పసుపో, నిన్నటి వంటింటి పసుపో తెలియదు. కుర్రోడి రూంలో పెట్టాం. మొదటి గంటలో నూటికి తొంభై పైన వచ్చేసింది. ఆ తర్వాత డ్రైవ్ గర్ర్ గర్ర్ అని మూలుగుతా ఒక్కో ముక్క లాగింది. రాత్రంతా ఆ మూలుగు విని వాళ్ల రూమ్మేట్ దుప్పటి తీసుకుని మేడ మీదికి పోయాడట. పొద్దుటికి మూడు చోట్ల మిగిలాయి. మా బావమరిది ఆఫీసులో ఇంకో పాత డ్రైవ్ ఉంటే అందులో వేశాం, రెండు చోట్లు తీరిపోయాయి. మాస్టారూ, మీరన్నది నిజం.

చివరికి పోయింది పదకొండు సెకన్లు. సరిగ్గా తాళి కట్టేచోటే.

ఇంట్లో అందరం కూర్చుని చూశాం, ఈసారి కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐతో. ఆ దువ్వెన గీతలు తీసేసే సెట్టింగ్ కుర్రోడు పెట్టిచ్చాడు. మొహాలు తెలుస్తున్నాయి. మా అవ్వ రెండో వరుసలో కూర్చుని తాంబూలం సంచి మడిచి కొంగులో దోపుకోవడం కూడా తెలుస్తోంది. పంతులుగారు గట్టిమేళం అన్నారు. నేను లేచాను. బొమ్మ ఆగి, పదకొండు సెకన్లు ఎగిరి, మళ్లీ వచ్చింది. వచ్చేసరికి కెమెరా ముందు మా పెద్దమామ వీపు. అక్షింతలు వేయడానికి అందరికన్నా ముందు లేచింది ఆయనే. ఆగకముందు చివరి బొమ్మలోనూ ఆయన భుజం లోపలికి వస్తూనే ఉంది. అంటే ఆ పదకొండు సెకన్లలోనూ ఉన్నది ఆ వీపే.

పద్దెనిమిదేళ్లుగా ఎవరూ ఆఖరిదాకా చూడలేదు కాబట్టి ఎవరికీ తెలియదు.

చిత్తూరు_స్టూడియో
ప్రతి పెళ్లిలో ఒక పెద్దమామ ఉంటాడన్నా. మా వృత్తికి శత్రువు. ఇప్పుడు డ్రోన్ పెట్టి తీస్తున్నాం, ఆయన తల పైనుంచి.

రెండో_ఆట
ఇంతకీ పెళ్లి అయినట్టా కానట్టా?

తిరుచానూరు_అల్లుడు
సాక్షి పెద్దమామే. ఆయన అయిందంటున్నాడు.

మామిడితోట
ఆ డిస్క్ పని అయిపోయిందిగా, తోటకి పంపండి. ఈసారి చిలుకలు మరీ ఎక్కువున్నాయి.

తిరుచానూరు_అల్లుడు
అడిగా. మా ఆవిడ కవర్లో వేసి మళ్లీ పట్టుచీరల కిందే పెట్టింది. ఈసారి మేడమీద బీరువాలో కాదు, కింద గదిలో.